గాలి పట్టే చోటు నుంచి: ఆటోనగర్ షెడ్డులో ప్రమాదాల చార్టుల డైరీ

జనవరి, పండగ తర్వాత

విజయవాడ ఆటోనగర్‌లో మాది మధ్యరకం షెడ్డు. లారీలకు, టిప్పర్లకు బాడీ పని, టైర్లు, హైడ్రాలిక్ రిపేర్లు చేస్తాం. ఇంజిను పని ముట్టుకోం, పక్క వీధికి పంపిస్తాం. పనివాళ్లు సీజన్‌ని బట్టి పదిహేను మందికి అటూ ఇటూ ఉంటారు. మాకు టిప్పర్లు పంపే కంపెనీ ఒకటి ఈసారి కాంట్రాక్టు రెన్యువల్‌కి కొత్త మెలిక పెట్టింది. షెడ్డులో చేసే ప్రతి పనికీ జాబ్ సేఫ్టీ ఎనాలిసిస్ కాగితం ఉండాలట. వాళ్ల భాషలో జేఎస్ఏ. ఓనరు గారు ఆ మెయిల్ ప్రింటు తీసి నా టేబుల్ మీద పెట్టి, "డిప్లొమా చదివింది నువ్వే కదా, నువ్వే చూడు" అని వెళ్లిపోయారు.

ఇలాంటి కాగితాలు రెడీమేడ్‌గా కూడా దొరుకుతాయి. ఒక ఫైలు తెప్పించి చూశాను. స్పైరల్ బైండింగ్, రంగుల అట్ట, అంతా బాగుంది. లోపల ఏ పేజీ తిప్పినా ప్రమాదాన్ని ఆపే గడిలో ఒకటే మాట: జాగ్రత్తగా పని చేయాలి, హెల్మెట్ ధరించాలి. టైరు రింగు ఎగిరొస్తే హెల్మెట్ ఏం ఆపుతుంది? పైగా ఒక పేజీలో బాయిలర్ ఉంది. మాకు టీ కాచుకునే స్టవ్వు తప్ప బాయిలర్ లేదు.

అందుకని మేమే రాసుకుందాం అనుకున్నాం. ముందు తెలుగులో, పని చేసేవాళ్ల పక్కన కూర్చుని. కంపెనీకి కావాల్సిన ఇంగ్లిషు కాపీ ఆ తర్వాత. పద్ధతి కష్టమేం కాదు, మూడు గళ్లు చాలు: పనిలో ఈ మెట్టు ఏంటి, ఇక్కడ ఏ దెబ్బ ఎటునుంచి తగలొచ్చు, దాన్ని ఏది ఆపుతుంది. మెట్లు విడగొట్టడంలోనే కిటుకు ఉంది. "టైరు మార్చుట" అని ఒక్క లైను రాస్తే ప్రమాదమంతా అందులో దాక్కుంటుంది. "పానా చేత్తో తీసుకొనుట" దాకా వెళితే చదివేవాడు రెండో లైనుకే నిద్రపోతాడు. ఏ పనైనా ఏడెనిమిది మెట్లలో వస్తే బాగున్నట్టు.

చట్టం సంగతి కూడా చూశాను. 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం కరెంటుతో పని నడిచే చోట పది మంది ఉంటే అది ఫ్యాక్టరీ కిందికి వచ్చేది. 2020 నాటి కొత్త భద్రతా కోడ్‌లో ఆ గీత ఇరవైకి జరిగింది. అంటే ఆటోనగర్‌లో మాలాంటి షెడ్లు చాలావరకు ఆ గీతకి ఇవతలే పడతాయి. ఇన్‌స్పెక్టరు వస్తాడన్న భయంతో చేసే పని కాదిది. కాంట్రాక్టు కోసం చేస్తున్నాం, ఆ మాట దాచుకోవడం ఎందుకు.

జనవరి నెలాఖరు

షెడ్డులో చేసే పనులన్నీ రాస్తే రెండు పేజీలు నిండాయి. అన్నీ ఒకేసారి నెత్తికెత్తుకుంటే ఏదీ తెమలదు. ఏది ముందో తేల్చడానికి ఒక లెక్క ఉంది. ప్రమాదం జరిగే అవకాశానికి ఒకటి నుంచి ఐదు మార్కులు, దెబ్బ తీవ్రతకి ఒకటి నుంచి ఐదు, రెండూ గుణించాలి. మా బాడీ మేస్త్రి గారిని, టైర్ల బాబాయ్‌ని కూర్చోబెట్టి ఈ మార్కులు వేయబోతే వాదనే మిగిలింది. అవకాశం ఎంత అని అడిగితే ఇద్దరిదీ ఒకటే జవాబు: "నా చేతిలో ఎప్పుడూ కాలేదు, ఒకటి వెయ్." నిజమే. వాళ్ల చేతిలో కాలేదు కాబట్టే ఇద్దరూ కుర్చీలో కూర్చుని మార్కులు వేస్తున్నారు.

మార్కులు పక్కన పెట్టి ఇంకో రకంగా అడిగాను. ఈ పని తేడా కొడితే మనిషి పోతాడా, చెయ్యో కాలో పోతుందా, కుట్లతో సరిపోతుందా? దీనికి మాత్రం ఇద్దరూ తడుముకోలేదు. మనిషి పోయే పనులు నాలుగు తేలాయి: టైరుకి గాలి పట్టడం, లేపిన టిప్పర్ బాడీ కింద దూరడం, డీజిల్ ట్యాంకుకి వెల్డింగు, బాడీ లేపినప్పుడు పైన కరెంటు తీగలు. గ్రైండరు, గ్యాస్ కటింగ్, జాకీలు వాటి తర్వాత.

ఇంకో నియమం కూడా పెట్టుకున్నాం. ఎప్పుడో ఒకసారి చేసే పని, ఆగి మళ్లీ మొదలయ్యే పని లిస్టులో పైకి రావాలి. రోజూ చేసే పనిలో చెయ్యి తిరిగి ఉంటుంది, అరుదైన పనిలో ఉండదు. 2020 మే 7న విశాఖ ఎల్‌జీ పాలిమర్స్‌లో జరిగింది అలాంటిదే. లాక్‌డౌన్‌లో మామూలుగా నడవని ప్లాంటు, నిల్వ ట్యాంకులోనే వేడెక్కిపోయిన స్టైరీన్ అనే రసాయనం. పన్నెండు మంది పోయారు. మా షెడ్డుకీ దానికీ పోలిక లేదు గానీ, దసరాకి మూసి మళ్లీ తెరిచిన రోజు కంప్రెసర్‌ని ఎవరు ఎలా స్టార్ట్ చేస్తున్నారో చూసే అలవాటు మాకూ లేదు.

ఫిబ్రవరి: టైర్లు

టిప్పర్లలో ఇప్పటికీ ట్యూబు టైర్లు బాగానే కనిపిస్తాయి. సైజు 10.00-20, ఇక్కడ ‘వెయ్యి ఇరవై’ అంటారు. వీటి చక్రం ఒకే ముక్క కాదు. డిస్కు, దాని మీద సైడు రింగు, ఆ సైడు రింగుని గాడిలో పట్టి ఉంచే లాక్ రింగు. గాలి లేనప్పుడు లాక్ రింగుని రెండు లివర్లతో ఊడదీయొచ్చు. గాలి పట్టాక టైరు మొత్తం దాన్ని బయటికి తోస్తూ ఉంటుంది. 100 పీఎస్ఐ అంటే ఒక్క చదరపు అంగుళం మీద 100 పౌండ్లు, దాదాపు 45 కిలోలు. టైరు ఒక పక్క గోడే వందల చదరపు అంగుళాలు ఉంటుంది. తోపు టన్నుల్లోకి పోతుంది. గాడిలో తుప్పు పేరుకున్నా, రింగు కొంచెం వంగినా, ఒక కంపెనీ డిస్కుకి ఇంకో కంపెనీ రింగు వేసినా ఆ టన్నులన్నీ ఒక్కసారిగా బయటపడతాయి.

రాయడానికి ముందు పని మొత్తం చూడాలి కాబట్టి ఒక మధ్యాహ్నం బాబాయ్ పక్కన నిలబడ్డాను. తప్పులు పట్టడానికి రాలేదని ముందే చెప్పాను. ఆయన నమ్మినట్టు లేదు. చక్రాన్ని నేల మీద రింగు పైకి వచ్చేలా పడుకోబెట్టాడు. మౌతు, అంటే గాలి పైపు కొస, వాల్వుకి తగిలించి, గొంతు కూర్చుని, చక్రం మీదికి వంగి చెవి పెట్టాడు. మీటరు ఎక్కడో గోడ దగ్గర కంప్రెసరుకి ఉంది. అక్కడినుంచి కుర్రాడు "నలభై... యాభై..." అని అరుస్తున్నాడు. యాభై దాటాక రింగు ఒక పక్క సరిగ్గా కూర్చోలేదనిపించి బాబాయ్ చిన్న సుత్తితో టకటకమని రెండు దెబ్బలు వేశాడు. ఈలోగా బండి డ్రైవరు టీ గ్లాసుతో వచ్చి ఆ పక్కనే ఇంకో టైరు మీద కూర్చుని కబుర్లు మొదలెట్టాడు.

"బాబాయ్, రింగు కూర్చుందని ఎట్టా తెలుస్తుంది?"

"చప్పుడు బట్టి. సుత్తి కింద ఖంగుమంటే కూర్చున్నట్టు, బొద్దుగా పలికితే కూర్చోనట్టు."

"బొద్దుగా పలికిందనుకో, అప్పుడు మన తల ఎక్కడుంది?"

బాబాయ్ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ముప్పై ఏళ్ల బట్టి పడుతున్నా అబ్బాయ్ గాలి" అన్నాడు. ఆ తర్వాత తనే, వేరే ఊళ్లో తను పని నేర్చుకున్న చోట రింగు ఎగిరి పైరేకుకి చిల్లు పడిన సంగతి చెప్పాడు. అప్పుడు చక్రం మీద ఎవరూ వంగి లేరు, మౌతు తగిలించి బీడీకి వెళ్లారు. ఇది నేను ఏ ఫైల్లోనూ చదివి ఉండేవాణ్ని కాదు. చార్టు సగం ఆ మధ్యాహ్నమే తయారైపోయింది.

మొదటి మెట్టు చక్రం బండి మీద ఉండగానే ఉంది. వెనక జంట చక్రాల్లో లోపలిది పగిలి ఉండొచ్చు, గాలి బాగా తగ్గిపోయి నడిచి ఉండొచ్చు. ఉండాల్సిన గాలిలో 80 శాతానికి మించి లేకుండా నడిచిన టైరుని అనుమానంగానే చూడాలి. అందుకని మా దగ్గర ఏ చక్రమైనా సరే, నట్లు ముట్టుకోకముందే లోపలి, బయటి టైర్లు రెండింటి వాల్వు పిన్నులూ తీసేయాలి. పిన్ను తీశాక సన్న తీగ వాల్వులో దూర్చి చూడాలి. మట్టి అడ్డుపడి గాలి లోపలే ఉండిపోవడం బూడిద తోలే బళ్లలో మామూలే.

ఊడదీశాక వైరు బ్రష్‌తో గాడి శుభ్రం. రింగు వంగినా, పగులు కనిపించినా దాన్ని గ్యాస్‌తో రెండు ముక్కలు చేసి స్క్రాపులో వేయాలి. ముక్కలు చేయమని పట్టుబట్టడానికి కారణం ఉంది. గోడకి ఆనించిన పాత రింగు రెండు నెలలకి ఎవరి బండికో ఎక్కుతుంది. తర్వాత రింగులు సరిచూసుకోవడానికి 3 పీఎస్ఐ వరకు మాత్రమే బయట పట్టొచ్చు. ఆపైన ప్రతి పాయింటూ, రింగు ఎగిరితే ఆపే ఇనుప బోనులోనే. మౌతు చేత్తో పట్టుకునేది కాకుండా క్లిప్పుతో అతుక్కునేది, పది అడుగుల పైపు, పైపు ఇవతలి కొసన వాల్వు, మీటరు. పట్టేవాడు రింగుకి ఎదురుగా కాకుండా పక్కగా నిలబడాలి. రింగు ఒంకరగా కనిపిస్తే సుత్తి ముట్టకూడదు. మొత్తం గాలి తీసేసి మళ్లీ మొదటినుంచి. డ్రైవరు కూర్చునే బల్లని ఆఫీసు వైపు మార్చి, టీ అక్కడికే పంపిస్తున్నాం.

ఇంకో లైను మేస్త్రి గారు చేర్చారు. టైరు ఎక్కి ఉన్న డిస్కుకి వెల్డింగ్ గానీ, ఇరుక్కుపోయిన నట్టుకి మంట పెట్టడం గానీ చేయకూడదు. వాల్వు పిన్ను తీసేసినా సరే. వేడికి లోపల రబ్బరు మాడి, ఆ గ్యాసులతో టైరు పేలుతుంది. ఈ మాటకి టైర్ల కుర్రాళ్లు ఆశ్చర్యపోయారు. గాలి లేని టైరు పేలుతుందంటే నమ్మడం కష్టమే.

ఫిబ్రవరి చివర: బోను గొడవ

ఇనుప బోను ఎక్కడినుంచి తేవాలన్నదాని మీద వారం నలిగింది. మేస్త్రి గారి లెక్క సూటిగా ఉంది: "షెడ్డు నిండా పైపులున్నాయి, వెల్డర్లున్నారు, బాడీలు కట్టే మనకి బోను కట్టడం ఎంతసేపు?" కట్టడం నిజంగానే గంటల పని. కానీ అది ఆపాల్సింది మామూలు బరువు కాదు. టైరుకి పట్టదగ్గ గరిష్ఠ గాలికి ఒకటిన్నర రెట్లు ఉండగా రింగు ఊడినా ఆ తోపుని తట్టుకోవాలని నియమం. మా అతుకు అంత తట్టుకుంటుందో లేదో తెలియాలంటే ఒక టైరు పేలాలి. టైర్ల షాపు సామాన్లు అమ్మేవాళ్ల దగ్గర టెస్టు కాగితంతో తయారుగా దొరికేది కొందాం అన్నాను. ఖర్చు చూసి ఓనరు గారు రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తెప్పించారు. మేస్త్రి గారు ఇప్పటికీ దాని అతుకులు చూసి పెదవి విరుస్తారు. నేలకి బోల్టు వేద్దామన్నారు, వద్దన్నాను. అది వదులుగానే ఉండాలి, గోడకి అడుగు దూరంలో.

మార్చి: లేపిన బాడీ

ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్ బూడిద తోలే టిప్పర్లు మాకు ఎక్కువ. హైడ్రాలిక్ పైపు కారుతోందని వస్తాయి. పైపు చూడాలంటే బాడీ లేపాలి, లేపాక ఛాసిస్ మీదికి తల పెట్టాలి. బాడీని పైన నిలబెడుతున్నది సిలిండరులోని నూనె. అదే నూనె పైపుని మనం పానాతో వదులు చేస్తున్నాం. ఇంత సూటిగా కాగితం మీద రాసేసరికి హైడ్రాలిక్ మెకానిక్ తనే నవ్వాడు: "రాస్తే ఇట్టా ఉంటది గానీ, చేసేటప్పుడు గుర్తు రాదన్నా."

బండితో పాటు కంపెనీ ఇచ్చే ఆసరా కడ్డీ ఉంటుంది. చాలా బళ్లలో అది తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంటుంది, లేదంటే డ్రైవరు ఎప్పుడో కోసి అమ్మేసి ఉంటాడు. దాని బదులు చెక్క దిమ్మ పెట్టడం ఆటోనగర్ అంతటా ఉన్నదే. దిమ్మ జారుతుంది, నూనె అంటుకున్న దిమ్మ మరీనూ. అందుకని షెడ్డు తరఫున రెండు స్టాండ్లు కొన్నాం. బండి కడ్డీ బాగుంటే అది, లేకపోతే స్టాండు. ఈ రెండిట్లో ఒకటి పెట్టి, బాడీని దాని మీదికి కొంచెం దించి బరువు ఆనించాకే పానా. లోపల లోడు ఉన్న బాడీ అసలు లేపం. బూడిద తడిసి ముందు గోడకి అట్టకట్టి ఉండిపోతుంది, పైనుంచి చూస్తే ఖాళీగా ఉన్నట్టే కనిపిస్తుంది. కింద ఉన్నవాడికి తెలియదు. కాబట్టి లేపే ముందు ఎక్కి చూడటం ఒక మెట్టుగా రాశాం.

చార్టులో అన్నిటికంటే ఎక్కువ పోట్లాట తెచ్చింది తాళం చెవి. బాడీ కింద మెకానిక్ ఉంటాడు. పైన క్యాబిన్‌లో క్లీనరు ఫోన్ ఛార్జింగ్ కోసం తాళం తిప్పుతాడు, లేదా ఎండకి తట్టుకోలేక ఫ్యాను కోసం. ఒక్కోసారి కాలు తగిలి లివరు కదులుతుంది. ఇప్పుడు బాడీ లేపాక ఇంజిను ఆపి, పీటీఓ (ఇంజిను శక్తిని హైడ్రాలిక్ పంపుకి అందించే గేరు) తీసి, తాళం చెవి కింద దూరేవాడి జేబులోకి. ఇద్దరు దూరితే చెవిని చిన్న డబ్బాలో పెట్టి, ఇద్దరి తాళాలూ ఆ డబ్బాకి. పని అయ్యి ఇద్దరూ బయటికి వచ్చి తీస్తేనే చెవి దొరుకుతుంది. డ్రైవర్లకి ఇది అస్సలు నచ్చలేదు. "మా బండి తాళం మీ జేబులో ఏంటండీ" అని ఒకాయన అరగంట అరిచాడు. ఓనరు గారు బయటికి వచ్చి, "తాళం ఇవ్వనంటే బండి వెనక్కి తీసుకెళ్లండి" అన్నారు. అప్పటినుంచి మిగతావాళ్లు గొణుగుతూ ఇస్తున్నారు. ఈ ప్రాజెక్టులో ఓనరు గారు చేసిన అసలు పని అదే, బోను కొనడం కంటే.

తీగల సంగతి చిన్నది గానీ తేలిగ్గా తీసుకునేది కాదు. మా షెడ్డు ముందు రోడ్డు మీద కరెంటు లైను ఉంది. లోపల జాగా లేదని రోడ్డు మీదే బాడీ లేపడం ఇక బంద్. లోపల పైన ఏమీ లేని చోట నేల మీద పసుపు పెయింటుతో గళ్లు గీశాం, లేపితే అక్కడే. డ్రైవర్లకి చెప్పే మాట ఒకటి గోడ మీద రాయించాం: బాడీ తీగకి తగిలితే క్యాబిన్‌లోనే కూర్చోవాలి, బండి ముట్టుకోవద్దని చుట్టూ ఉన్నవాళ్లకి అరవాలి. మంట అంటుకుని దిగక తప్పకపోతే, బండినీ నేలనీ ఒకేసారి తాకకుండా రెండు కాళ్లూ కలిపి దూకాలి, కాళ్లు ఎడం చేయకుండా గెంతుతూ దూరం పోవాలి.

మార్చి చివర

గ్రైండరు. దీనికి పెద్దగా బుర్ర పెట్టక్కర్లేదు, గార్డు ఉండాలి, అంతే. లేనివి వెతికితే చాలా గార్డులు అటక మీద ఒకే గోనె సంచిలో దొరికాయి. ఎందుకు తీశారంటే, సగం అరిగిన ఏడు అంగుళాల డిస్కుని ఐదు అంగుళాల మెషిన్‌కి వేయడానికి. డిస్కు పారేయడానికి మనసొప్పదు. ఆ డిస్కు మీద 8,500 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి అన్ని చుట్లు, అని ముద్ర ఉంటుంది, చిన్న మెషిన్ 11,000 తిరుగుతుంది. పైగా గార్డు లేదు. అరిగిన డిస్కులకి ఇప్పుడు ఆఫీసులో ఒక డబ్బా ఉంది, దానిలో వేస్తేనే కొత్తది ఇస్తాం. డిస్కు మధ్య ఇనుప రింగు మీద ఎక్స్‌పైరీ తేదీ ఉంటుందని షెడ్డులో సగం మందికి తెలియదు. చూపిస్తే స్టోరులోంచి కొన్ని పారేయాల్సి వచ్చింది.

కంట్లో ఇనుప రజను పడితే గుడ్డ కొనతో తీయించుకునే ఆనవాయితీ ఇంకా పోలేదు. పక్క షెడ్డులో ఒకాయన అందులో దిట్ట అని పేరు. ఇకమీదట మా వాళ్లయితే నీళ్లతో కడిగించి, నలపకుండా కళ్ల డాక్టరు దగ్గరికే. ఆటో ఖర్చు షెడ్డుది.

ఏప్రిల్: ట్యాంకు, గ్యాసు

డీజిల్ ట్యాంకుకి చిల్లు పడితే అతుకు వేయమని వచ్చే బళ్లు నెలకి కొన్ని ఉంటాయి. దీనికి చార్టు రాద్దామని కూర్చున్నాం. డీజిల్ తీసేయాలి, కడగాలి, నీళ్లు నింపాలి, లోపలి ఆవిరి కొలవాలి... మెట్లు పెరుగుతూనే ఉన్నాయి, ప్రతి మెట్టులోనూ తేడా కొట్టే సందు కనిపిస్తోంది. నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకు ప్రమాదం, ఎందుకంటే మండేది ద్రవం కాదు, పైన ఉన్న ఆవిరి. పెట్రోలయితే గాలిలో 1.4 శాతం ఆవిరి కలిస్తే చాలు, నిప్పు తగలగానే అంటుకుంటుంది. డీజిల్ చల్లగా ఉన్నప్పుడు అంత తొందరగా ఆవిరవ్వదు గానీ వెల్డింగ్ వేడికి రేకు మూలల్లో మిగిలిన చెంచాడు చాలు. ఆవిరి కొలిచే మీటరు మా దగ్గర లేదు. మేస్త్రి గారే తేల్చేశారు: "ఈ పని మనకొద్దు. ట్యాంకు మార్చమందాం." చార్టు ఒక్క లైనులో అయిపోయింది. కొన్ని గిరాకీలు పోయాయి, ఇంకా పోతాయి.

గ్యాస్ కటింగ్ దగ్గర మాత్రం నేను ఊహించనిది కనిపించింది. మధ్యాహ్నం పూట ఎండకి తట్టుకోలేక ఒక కుర్రాడు ఆక్సిజన్ పైపుతో చొక్కా లోపలికి గాలి కొట్టుకుంటున్నాడు. ఒంటి మీద దుమ్ము కూడా దాంతోనే ఊదుకుంటున్నాడు. చల్లగా ఉంటుందట. ఆక్సిజన్ నూలు చొక్కా పోగుల్లో చేరి చాలాసేపు నిలిచి ఉంటుంది. ఆ తర్వాత ఒక్క నిప్పురవ్వ పడితే మామూలుగా మాడి ఆరిపోయే గుడ్డ భగ్గున అంటుకుంటుంది. కోప్పడి లాభం లేదు, వాడికి కావాల్సింది గాలి. ఫ్యాను ఒకటి కటింగ్ చోటుకి పక్కగా బిగించాం. పాత చిన్న గుడ్డ ముక్కని ఆక్సిజన్‌తో ఊది, పట్టకారుతో పట్టుకుని, పెరట్లో అంటించి చూపించాం. ఉపన్యాసం కంటే అది బాగా ఎక్కింది.

మిగతావి పద్ధతిగా ఉన్నవే. సిలిండర్లు ట్రాలీకి గొలుసుతో, నిలబెట్టి. ఎసిటిలిన్‌ని పడుకోబెడితే లోపలి ఎసిటోన్ పైపులోకి వస్తుంది. దాని ఒత్తిడి 15 పీఎస్ఐ దాటించకూడదు. ఆక్సిజన్ రెగ్యులేటరుకి గ్రీజు చెయ్యి తగలకూడదు. మంట వెనక్కి రాకుండా రెండు పైపులకీ అరెస్టర్లు. బండి మీద వెల్డింగ్ చేసేటప్పుడు బ్యాటరీ టెర్మినల్ తీయమని ఏళ్ల తరబడి చెప్పినా వినని డ్రైవర్లు, కొత్త పొగ నియమాల బీఎస్-6 బళ్లు వచ్చాక తామే తీసి చూపిస్తున్నారు. ఈసీయూ, అంటే ఇంజిన్ని నడిపే కంప్యూటరు, పోతే ఎంతవుతుందో వాళ్లకి తెలుసు.

మే

రోహిణి కార్తె ఎండకి రోళ్లు పగులుతాయంటారు. రేకుల షెడ్డు కింద రోళ్లుంటే అవీ పగిలేవే. ఫిబ్రవరిలో రాసిన చార్టులు మేలో సగం అమలు కావని తెలిసింది. చేతులకి తోలు గ్లౌజు లోపల చెమట, పానా జారుతోంది. కళ్లద్దాలు ఆవిరి పట్టి ఏమీ కనపడవు, తీసేసి పని చేస్తారు. ఎండని కూడా ఒక ప్రమాదంగా విడిగా రాయాలి గానీ, అంతకంటే ముందు అది మిగతా చార్టులన్నింటినీ ఎలా చెడగొడుతోందో చూడాలి.

పని వేళలు మార్చాం. బాడీ కింద దూరే పని, గాలి పట్టే పని పొద్దున్నే. మధ్యాహ్నం కూర్చుని చేసే పనులు. మజ్జిగ, ఓఆర్ఎస్ షెడ్డు ఖర్చు. గ్లౌజుల్లో గాలి ఆడే రకం, అద్దాల్లో ఆవిరి పట్టని రకం తెప్పించాం, రెండోది ఫర్వాలేదు, మొదటిది ఇనుప అంచులకి నెలకే చిరిగిపోతోంది. కొత్తగా చేరినవాణ్ని మొదటి రోజే పూర్తి ఎండలో పెట్టకుండా కొన్ని రోజులు తక్కువ గంటలు. కళ్లు తిరుగుతున్నాయని చెబితే ఆ రోజు కూలి కోయబోమని ఓనరు గారి చేత అందరి ముందూ చెప్పించాం. అంతకుముందు ఎవరూ చెప్పేవాళ్లు కాదు.

జూన్

చార్టులు గోడ మీదికి ఎక్కాయి. పెయింటర్లలో కొందరు ఒడిశా వాళ్లు, తెలుగు చదవలేరు. అందుకని ప్రతి మెట్టుకీ మా షెడ్డులోనే మా వాళ్లతోనే తీసిన ఫొటో పెట్టాం. ఫొటోలో తన బొమ్మ ఉన్న కుర్రాడు ఆ మెట్టు తప్పడు, తప్పితే మిగతావాళ్లు ఏడిపిస్తారు. ఇది నేను అనుకుని చేసింది కాదు, బాగా కుదిరింది.

కంపెనీ సేఫ్టీ ఆఫీసరు వచ్చి చూశారు. ఫార్మాట్‌లో ఒక గడి తక్కువైందని రాసుకున్నారు. ట్యాంకు వెల్డింగు కాగితం ఏదని అడిగితే, మేం ఆ పనే చేయబోమని చెప్పాం. అయితే "చేయము" అని ఒక కాగితం ఇవ్వమన్నారు, ఇచ్చాం. తాళం పెట్టే డబ్బా దగ్గర మాత్రం చాలాసేపు ఆగి, ఫొటో తీసుకెళ్లారు.

తృటిలో తప్పినవి రాయడానికి ఒక పుస్తకం వేలాడదీశాం. పేరు రాయక్కర్లేదు. మొదట్లో ఖాళీగా ఉండేది, ఇప్పుడు వారానికి ఒకటీ రెండూ పడుతున్నాయి. కొన్ని తిట్లు, ఒకటి రెండు పనికొచ్చేవి. స్టాండు పిన్ను అరిగి వదులైందని రాసింది ఎవరో తెలియదు, ఆ రోజే మార్చాం. బోనులో పెట్టకుండా రాత్రి పూట తొందరలో ఒక టైరుకి బయటే గాలి పట్టారని ఇంకొకరు రాశారు. రాత్రి బోను ఉన్న మూల లైటు లేదు, చక్రాన్ని అక్కడిదాకా చీకట్లో దొర్లించడం ఎవరికి ఇష్టం? లైటు వేయించాం. దారిలో అడ్డంగా ఉన్న పాత బానెట్లు తీయించాం. చార్టులో ఒక్క అక్షరం మార్చలేదు.

వానలు మొదలవుతున్నాయి. వెల్డింగ్ కేబుళ్లకి ఎక్కడెక్కడ టేపు చుట్టి ఉందో చూడాలి, నీళ్లు నిలిచే చోట కరెంటు బోర్డు రెండు అడుగులు పైకి జరపాలి, లీకేజీకి ట్రిప్ అయ్యే బ్రేకరు పోర్టబుల్ మెషిన్ల లైనుకి ఇంకా వేయలేదు. ఎలక్ట్రీషియన్ గురువారం వస్తానన్నాడు. జాకీల చార్టు మేస్త్రి గారి దగ్గర ఉంది, ఆయన కళ్లజోడు కోసం ఆగింది.